కరెంటు పెరిగిన కొద్దీ నీళ్ళు ఎందుకు తగ్గుతున్నాయి? బోర్లు, బొగ్గు, బూడిద గురించి మీ ఊరి అనుభవం రాయండి

జనగామ_మాస్టారు | శనివారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను. పోయిన వారం సుస్థిరాభివృద్ధి పాఠం నడుస్తుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి అడిగింది.

"సార్, మా తాతకు మోట బావి ఉండె. ముప్పై అడుగుల్లోనే నీళ్ళు. కరెంటు మోటార్లు వచ్చినంక బావి ఎండింది. ఇప్పుడు ఇరవై నాలుగు గంటలు కరెంటు ఉంది, బోరులో నీళ్ళు లేవు. మరి కరెంటు రావడం అభివృద్ధేనా?"

పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. భావి తరాల అవసరాలు, వనరుల పరిరక్షణ, ఇలా ఏవో. ఆ అమ్మాయి కూర్చుంది కానీ మొహంలో ఒప్పుకున్నట్టు కనిపించలేదు. ఇంటికొచ్చాక నాకు కూడా ఆ జవాబు మీద తృప్తి కలగలేదు.

కొత్తగా పరిశ్రమలు పెట్టుకుంటున్న మనలాంటి దేశాలు కరెంటు లేకుండా ఎదగలేవు, అందులో అనుమానం లేదు. కానీ ఆ కరెంటు పుట్టే చోట ఏం పోతోంది, వాడే చోట ఏం పోతోంది? పేపర్లో చదివింది వద్దు. మీరు కళ్ళతో చూసింది, చేత్తో చేసింది రాయండి. పిల్లలకు చదివి వినిపిస్తాను.

సబ్‌స్టేషన్_సార్ | శనివారం, రాత్రి 10:02

మాస్టారూ, ముందు ఒక లెక్క చెప్తాను. నేను కరెంటు శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యాను. లెక్క లేకుండా వాదించుకుంటే ఎటూ తేలదు.

ఐదు హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు 3.7 యూనిట్లు తాగుతుంది. రోజుకు 7 గంటలు నడిస్తే 26 యూనిట్లు. తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో పోయేది కలుపుకుంటే విద్యుత్ కేంద్రంలో 30 యూనిట్లు పుట్టించాలి. అదంతా బొగ్గు కరెంటే అనుకుందాం. మన బొగ్గుతో యూనిట్‌కు 650 గ్రాములు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. అంటే ఒక్క మోటారు కోసం రోజుకు 20 కిలోల బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే కాబట్టి 7 కిలోల బూడిద మిగులుతుంది. 30 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆవిరికి, చల్లబరచడానికి యూనిట్‌కు 3 లీటర్ల చొప్పున 90 లీటర్ల నీళ్ళు కేంద్రంలోనే ఖర్చవుతాయి. ఇక్కడ మీ పొలంలో నీళ్ళు తోడడానికి ముందు అక్కడెక్కడో నీళ్ళు ఆవిరి కావాలన్న మాట.

ఒక మోటారుకు ఇది. తెలంగాణలో వ్యవసాయ కనెక్షన్లు 25 లక్షలకు పైనే ఉన్నాయి. అందరిదీ ఐదు హార్స్‌పవర్ కాదు, అందరూ ఏడు గంటలు నడపరు, కరెంటంతా బొగ్గుదీ కాదు. అయినా ఎంత పెద్ద విషయమో పిల్లలకు అర్థమవుతుంది.

ఇంకో సంగతి. పాత రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అర్ధరాత్రి రెండింటికి వచ్చేది. రైతు చీకట్లో పొలానికి పోయి మోటారు వేస్తుంటే పాములు కరిచేవి, షాకులు కొట్టేవి. ఆ బాధ పడలేక, కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపించే ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చాక అవే స్టార్టర్లు సమస్య అయ్యాయి. కరెంటు పోనే పోదు కాబట్టి మోటారు ఆగదు. నీళ్ళు మడి నిండి కాలువలో పోతున్నా నడుస్తూనే ఉంటుంది. వాటిని తీసేయమని అప్పట్లో ఊరూరా తిరిగి చెప్పాం. కొందరు తీశారు. కొందరు మళ్ళీ పెట్టుకున్నారు.

పీజీ_ఎకనామిక్స్ | శనివారం, రాత్రి 10:20

సార్ లెక్క చూశాక నాకు ఒకటే అనిపిస్తోంది. ఉచిత కరెంటు తీసేస్తే సగం సమస్య తీరుతుంది. ధర లేని వస్తువును ఎవరూ పొదుపుగా వాడరు, ఇది మొదటి సంవత్సరంలోనే చెప్తారు.

అనంత_వేరుశనగ | ఆదివారం, ఉదయం 6:10

అమ్మా, నీ మాటలో తప్పు లేదు కానీ సగమే ఉంది. మిగతా సగం నేను చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు.

కాలువ కింద రైతుకు ప్రభుత్వమే ఆనకట్ట కట్టి, కాలువ తవ్వి, నీళ్ళు మడి గట్టు దాకా తెచ్చి ఇస్తుంది. మాకు ఏ కాలువా లేదు. బోరు పాయింట్ చూసేవాడికి డబ్బులిచ్చాం. బండి పిలిచి అడుగుకు ఇంతని కట్టాం. కేసింగ్, పైపులు, మోటారు, కేబుల్ అన్నీ మావే. మా ఇంట్లో ఆరు బోర్లు వేస్తే నాలుగు ఫెయిల్. ఐదోది 620 అడుగుల్లో ఇంచు నీళ్ళు పడింది. ఆ అప్పు తీరడానికి పదకొండేళ్ళు పట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత కరెంటు వచ్చినప్పుడు మా నాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది ఊరికే వచ్చింది కాదు, మాకు రాని కాలువ కింద ఇచ్చిందని మేం అనుకుంటాం.

కానీ మాస్టారు అడిగిన ప్రశ్న నిజం. నేను దాచను. మా తాత కాలంలో కపిల, అంటే మీరు చెప్పిన మోటే, తోలేవాళ్ళు. రెండు ఎద్దులు అలిసిపోతే కపిల ఆగేది. ఎద్దుకు ఎంత సత్తువ ఉంటే అంత నీళ్ళే బయటికొచ్చేవి. రాత్రికి బావి ఊరేది. మోటారు అలవదు, అందుకని బావికి ఊరే టైమే దొరకలేదు.

మాది గట్టిరాతి నేల. పడిన వానలో పదో వంతు, అటూ ఇటూ, అంతే భూమిలోకి దిగేది. అదీ పైన ఉన్న మొరం పొరలో నిలుస్తుంది. దాని కింద బండ, బండలో అక్కడక్కడా పగుళ్ళు. పై పొర నీళ్ళు అయిపోయాక మేం ఆ పగుళ్ళ వెంట పడి పోతున్నాం. నా బోరు పక్కన నువ్వు ఇంకో వంద అడుగులు లోతుగా వేస్తే నా బోరు నీకు దిగిపోతుంది. నేను నీకంటే లోతుకు పోతాను. ఇద్దరికీ ఉచిత కరెంటే, ఇద్దరం అప్పులపాలే.

2003 నుంచి కొన్నేళ్ళు ఏడు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. మా అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, ఇంకా మహబూబ్‌నగర్, నల్గొండ. రైతులే భూగర్భ జలాలను చూసుకునే ప్రాజెక్టు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో. 600 పైగా ఊళ్ళల్లో జరిగింది. నేను మా ఊళ్ళో కొలిచేవాళ్ళలో ఒకణ్ణి. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం కొలిచి గోడ మీద రాసేవాళ్ళం. వాన కొలిచే గిన్నె ఉండేది. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఈ ఏడు వాన ఇంత పడింది, భూమిలో ఇంత ఉంది, మనం అనుకుంటున్న పంటలకు ఇంత కావాలి అని లెక్క వేసేవాళ్ళం. వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పేది లేదు. గోడ మీద అంకె చూసి మా మేనమామే మూడు ఎకరాల వరి నుంచి ఎకరానికి దిగాడు. మిగతాది తక్కువ తడులతో పండే ఆరుతడి పంటలు వేశాడు. ఎకరం వరికి పోసే నీళ్ళతో మూడు నాలుగు ఎకరాల ఆరుతడి పండుతుంది.

ధర పెట్టినా పెట్టకపోయినా, కింద ఎంత ఉందో తెలియనివాడు పొదుపు చేయలేడు.

పీజీ_ఎకనామిక్స్ | ఆదివారం, ఉదయం 8:45

అన్నా, కోపం ఎందుకు. నేను తొందరపడి రాశాను. కాలువ సంగతి నేను ఆలోచించనే లేదు. ఆ గోడ మీద రాయడం ఇప్పటికీ ఉందా?

అనంత_వేరుశనగ | ఆదివారం, ఉదయం 9:00

మా ఊళ్ళో ప్రాజెక్టు అయిపోయాక రెండేళ్ళు రాశాం. తర్వాత గోడకు సున్నం వేశారు. నేను మాత్రం మా బోరు వరకు కొలుస్తూనే ఉన్నా.

బొగ్గుబాయి_బిడ్డ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

వాడే చోట సంగతి చాలా చెప్పారు. పుట్టే చోట సంగతి నేను చెప్తా. మాది కొత్తగూడెం. మా నాన్న కోల్‌ఫిల్లర్, అంటే బొగ్గు ఎత్తి నింపేవాడు. తట్ట, చెమ్మస్ (పార) పట్టుకుని బొగ్గు బాయిల దిగేవాడు. మూడు షిఫ్టులు, సైరన్ మోత మీదనే మా ఇంట్లో అన్నం, నిద్ర, స్కూలు అన్నీ నడిచేవి. దసరా ముందు బోనస్ వస్తే ఊరంతా వెలుగే.

చాలామందికి తెలియదు, ఈ బొగ్గుకు 150 ఏళ్ళ చరిత్ర. 1871లో జియలాజికల్ సర్వే తరఫున వచ్చిన కింగ్ అనే దొర ఇల్లందు దగ్గర బొగ్గు చూశాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాలకు హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. నిజాం రైళ్ళు ఆ బొగ్గు మీద నడిచాయి. ఇప్పుడు కంపెనీలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది.

నేను చెప్పాలనుకున్నది బాయి మారిన తీరు. నా చిన్నప్పుడు ఎక్కువ అండర్‌గ్రౌండ్ బాయిలే. పైన అడవి అట్లనే ఉండేది, కింద మనిషి పని చేసేవాడు. 1990ల మొదట్లో కార్మికులు లక్ష మంది దాటి ఉండేవాళ్ళు. ఇప్పుడు 40 వేల చిల్లర. బొగ్గు మాత్రం అప్పటికంటే దాదాపు మూడు రెట్లు, 2023-24లో 7 కోట్ల టన్నులు. అందులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ నుంచే. షావెల్, డంపర్ ఉంటే చాలు, తట్ట అక్కర్లేదు.

ఓపెన్‌కాస్ట్ అంటే పైన ఉన్న నేలంతా ఎత్తి పక్కన పోయాలి. ఒక టన్ను బొగ్గుకు ఐదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి. దాన్ని ఓబీ అంటారు. ఆ ఓబీ గుట్టలు ఇప్పుడు నిజం గుట్టల కన్నా ఎత్తుగా కనిపిస్తాయి. వాటి మీద చెట్లు నాటుతున్నారు, నాటినవి పచ్చగా కూడా ఉన్నాయి. కానీ టేకు, ఇప్ప, తునికి ఉన్న అడవి వేరు, ఓబీ మీద వరసగా నాటిన చెట్లు వేరు. అక్కడ ఇప్పపువ్వు ఏరుకున్న కోయ పిల్లలకు ఆ తేడా తెలుసు. గని లోతుకు పోతుంటే ఊరే నీళ్ళను పంపులతో తోడి బయట పోయాలి. అట్ల చుట్టుపక్కల భూమిలో నీళ్ళు గని వైపు దిగుతాయి. అనంతపురం అన్న చెప్పిన పక్క బోరు కథే, కాకపోతే ఈ బోరు రెండు మూడు కిలోమీటర్ల వెడల్పు.

అండర్‌గ్రౌండ్ బాయి గొప్పదని నేను అనను. పైకప్పు కూలి, నీళ్ళు ముంచి, గ్యాస్ పేలి ఎంతమంది పోయారో మా బస్తీల్లో ప్రతి ఇల్లూ చెప్తుంది. మా నాన్నకు చివరి రోజుల్లో ఊపిరి ఆడలేదు. టన్ను ధర చూస్తే ఓపెన్‌కాస్ట్ చవక. ఆ చవకలో అడవి ధర కలపలేదు, కింద నీటి ధర కలపలేదు, పోయిన 60 వేల కొలువుల ధర కలపలేదు. సబ్‌స్టేషన్ సార్ చెప్పిన 20 కిలోల బొగ్గు ఎక్కడి నుంచి వస్తుందో ఆ అమ్మాయికి ఇది కూడా చెప్పండి.

బూడిద_పక్కింటామె | ఆదివారం, సాయంత్రం 4:40

సార్ లెక్కలో 7 కిలోల బూడిద ఉంది కదా, అది మా ఇంటికి వస్తుంది.

మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక థర్మల్ కేంద్రం ఉంది. పేరు రాయను, మా ఆయన అక్కడే కాంట్రాక్టు పని చేస్తాడు. బూడిదను నీళ్ళలో కలిపి పైపుల్లో పంపి పెద్ద చెరువులాగా నిలవ చేస్తారు. తడిగా ఉన్నంత సేపు ఫర్వాలేదు. మార్చి నుంచి మే దాకా పై పొర ఎండిపోయి గాలి తిరిగిందంటే ఊరంతా తెల్లగా అయిపోతుంది. ఉతికిన బట్టలు లోపలే ఆరేసుకుంటాం. అన్నం గిన్నె మీద మూత తీయాలంటే భయం. మిరపకాయలు ఎండబెట్టుకునే డాబా వదిలేశాం. బూడిద లారీలకు టార్పాలిన్ కట్టాలని రూలు ఉంది. కట్టినవి కొన్ని, కట్టనివి కొన్ని. మా అత్తగారికి ఏడాదిలో ఎనిమిది నెలలు దగ్గే.

బూడిద పనికిరానిది కాదని నాకూ తెలుసు. సిమెంటులో కలుపుతున్నారు, ఇటుకలు చేస్తున్నారు, రోడ్లకు పోస్తున్నారు. మా ఇంటి ప్రహరీ కూడా ఆ ఇటుకలతోనే కట్టాం, గట్టిగానే ఉంది. 1999లోనే బూడిద వాడకం మీద కేంద్ర ప్రభుత్వం రూల్స్ తెచ్చింది. 2021 డిసెంబరు 31న వచ్చిన నోటిఫికేషన్ బూడిద నూటికి నూరు శాతం వాడాలంది, వాడకపోతే కట్టాల్సిన డబ్బు కూడా పెట్టింది. కొత్తగా వచ్చేది ఎలాగో పోతుంది. ఇరవై ముప్పై ఏళ్ళుగా గుట్టలు పడిన పాతది ఏం చేస్తారు? నా టెన్షన్ అదే.

ఆ కరెంటుతోనే మా పిల్లలు చదువుకుంటున్నారు, ఆ జీతంతోనే తింటున్నాం. థర్మల్ కేంద్రం మూసేయమని మా ఊళ్ళో ఒక్కరూ అడగరు. బూడిదను తడిపి ఉంచమని, లారీ మీద గుడ్డ కప్పమని అడుగుతాం. ఇంతకంటే చిన్న కోరిక ఉంటుందా చెప్పండి.

సబ్‌స్టేషన్_సార్ | ఆదివారం, సాయంత్రం 5:15

అమ్మా, మీరు రాసింది చదివి మనసు బరువెక్కింది. ఇన్నేళ్ళు తీగ ఇటు చివర పని చేశాను, అటు చివర ఎవరున్నారో ఎప్పుడూ చూడలేదు.

గాలిలో కలిసే వాయువుల విషయం కూడా ఇలాగే నడిచింది. సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించే యంత్రాలు పెట్టమని 2015 డిసెంబరులో నిబంధనలు వచ్చాయి, రెండేళ్ళు టైమిచ్చారు. ఆ గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ పోయి, 2025 జులైలో చాలా కేంద్రాలకు ఆ యంత్రాలు అక్కర్లేదని మినహాయించారు. మన బొగ్గులో గంధకం (సల్ఫర్) తక్కువ, యంత్రాలకు ఖర్చు ఎక్కువ అన్నది వాళ్ళ వాదన. గంధకం తక్కువన్న మాట నిజమే. కానీ కాలే బొగ్గు కోట్ల టన్నుల్లో ఉన్నప్పుడు తక్కువ శాతం కూడా తక్కువ కాదని నా అభిప్రాయం.

పీజీ_ఎకనామిక్స్ | ఆదివారం, రాత్రి 8:30

మా సిలబస్‌లో ఒక గీత ఉంటుంది, బోర్లించిన గిన్నెలా. దేశం పేదగా ఉన్నప్పుడు కాలుష్యం తక్కువ, పరిశ్రమలు పెరిగే కొద్దీ పైకి పోతుంది, ఆదాయం ఒక స్థాయి దాటాక మళ్ళీ కిందికి దిగుతుంది అంటారు. 1991లో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తల పరిశీలనతో ఈ ఆలోచన ప్రచారంలోకి వచ్చింది. నేను దీన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇక్కడివి చదివాక ఆ గీతను మళ్ళీ చూశాను.

పొగ, దుమ్ము, గంధకం లాంటివి నిజంగానే తగ్గాయి. 1952లో లండన్ పొగమంచులో వేల మంది చనిపోయారు, 1956లో చట్టం తెచ్చారు. బీజింగ్‌లో 2013 చలికాలం గుర్తుండే ఉంటుంది, మాస్కులు, మూసిన స్కూళ్ళు. 2014లో చైనా ప్రధాని లీ కచ్యాంగ్ కాలుష్యం మీద యుద్ధం అన్నాడు. తర్వాత పదేళ్ళలో అక్కడ గాలి బాగా మెరుగైంది. కానీ ఏదీ దానంతట అది దిగలేదు. జనం గొడవ చేశారు, చట్టం వచ్చింది, ఖర్చు పెట్టారు.

రెండోది, ఆ గీత అన్నింటికీ పని చేయదు. చైనాలో గాలి బాగుపడింది కానీ ప్రపంచంలో కాలే బొగ్గులో సగానికి పైగా ఇప్పటికీ అక్కడే. కంటికి కనిపించే పొగను తగ్గించుకున్నారు, కనిపించని కార్బన్ పెరుగుతూ వచ్చింది. మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆదాయం పెరిగాక గాలి మళ్ళీ శుభ్రమవుతుంది. 600 అడుగుల కింద పగుళ్ళలో నీళ్ళు? ఓపెన్‌కాస్ట్‌లో పోయిన ఇప్పచెట్లు? వాటికి గీత దిగే వైపు లేదు.

అలాగని పాపమంతా మనదే అనడం కూడా న్యాయం కాదు. మన దేశంలో మనిషికి సగటున ఏడాదికి 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాలో 14 టన్నుల దాకా. కరెంటు వాడకం మనకు తలకు 1,400 యూనిట్లు, ప్రపంచ సగటులో సగం కూడా లేదు. మనం ఇంకా వాడాలి. ఎలా వాడాలన్నదే ప్రశ్న.

లుసాకా_తెలుగు | ఆదివారం, రాత్రి 11:50

జాంబియా నుంచి రాస్తున్నాను. ఇక్కడ అకౌంట్స్ పని చేస్తాను. కరెంటు ఎక్కువైతే ఏం పోతుందో మీరందరూ రాశారు. కరెంటు లేకపోతే ఏం పోతుందో నేను చూశాను.

ఈ దేశపు కరెంటులో 80 శాతానికి పైగా నీటి నుంచే వస్తుంది. జాంబెజీ నది మీద కరీబా డ్యామ్ పెద్ద ఆధారం. బొగ్గు తక్కువ, పొగ తక్కువ, పుస్తకం ప్రకారం మంచి దేశం. 2024లో వానలు లేవు, ఫిబ్రవరి చివర్లో కరువును జాతీయ విపత్తుగా ప్రకటించారు. కరీబాలో నీళ్ళు అడుగంటాయి. మా వీధిలో రోజుకు మూడు గంటలు కరెంటు ఉంటే పండగ. కొన్ని రోజులు అదీ లేదు.

అప్పుడు జనం ఏం చేస్తారు? వంట ఆగదు కదా. బొగ్గు అంటే ఇక్కడ కర్రబొగ్గు. అడవిలో చెట్లు కొట్టి, మట్టి కప్పి కాల్చి, బస్తాల్లో రోడ్డు పక్కన పెట్టి అమ్ముతారు. కరెంటు స్టౌ ఉన్న ఇళ్ళు కూడా కర్రబొగ్గుకు మారాయి. ఊరు దాటి కారులో పోతుంటే రోడ్డుకు రెండు వైపులా ఆ బస్తాలే. కరెంటు పోయిన ప్రతి గంటకూ ఎక్కడో ఒక చెట్టు పడుతుందని మా ఆఫీసు డ్రైవర్ అనేవాడు. అమ్మేవాళ్ళను తప్పుపట్టలేం, మొక్కజొన్న ఎండిపోయిన రైతులు వాళ్ళు.

ఆ టైములో దేశానికి ఆసరా అయ్యింది మాంబా అనే చోట ఉన్న 300 మెగావాట్ల బొగ్గు కేంద్రం. దాంట్లో పెద్ద వాటా హైదరాబాద్ కంపెనీదే, పాత పేరు నవభారత్. నది మీద ఆధారపడ్డ దేశం కరువొస్తే బొగ్గు వైపు పరుగెత్తాల్సి వచ్చింది. ఒకే వనరు మీద మొత్తం భారం పెట్టడం ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమైంది.

బొగ్గుబాయి_బిడ్డ | సోమవారం, ఉదయం 7:05

నవభారత్ అంటే మా పాల్వంచ ఫ్యాక్టరీ వాళ్ళే. ఎక్కడి పాల్వంచ, ఎక్కడి జాంబియా.

బూడిద_పక్కింటామె | సోమవారం, ఉదయం 10:30

తమ్ముడూ, కర్రబొగ్గు మాట చదివి మా అమ్మ గుర్తొచ్చింది. తెల్లవారకముందే పుల్లలకు పోయేది. పొయ్యి ఊది ఊది కళ్ళు ఎర్రగా ఉండేవి. గ్యాస్ వచ్చాక మా ఊరి చుట్టూ తుమ్మ చెట్లు మళ్ళీ లేచాయి. సిలిండర్ ధర పెరిగిన నెలలో మాత్రం ఇప్పటికీ కొందరి ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతుంది.

పాణ్యం_సోలార్ | సోమవారం, రాత్రి 9:20

నేను సోలార్ టెక్నీషియన్‌ని, కర్నూలు వైపు. మా దగ్గర గని, శకునాల ఊళ్ళ పక్కన 2017లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఆరు వేల ఎకరాల దాకా ఉంటుంది. పొగ లేదు, బూడిద లేదు. గర్వంగానే ఉంటుంది. కానీ అది వచ్చాక గొర్రెల వాళ్ళు తిరిగే దారి మారిందన్నది కూడా నేను చూశాను. బీడు భూమి అని కాగితంలో రాసిన చోట గొర్రెలు మేసేవి. పలకలు కడగడానికి నీళ్ళు కావాలి, అదీ నీళ్ళు తక్కువ ఉన్న సీమలో. ఇప్పుడు చాలా చోట్ల నీళ్ళు లేకుండా బ్రష్‌లతో తుడిచే యంత్రాలు వస్తున్నాయి.

సోలార్‌కు అసలు ఇబ్బంది సాయంత్రం. ఆరు దాటాక ఇళ్ళల్లో లైట్లు వెలిగే టైముకు ఎండ పోతుంది. అందుకే పిన్నాపురంలో కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టారు. పగలు ఎండ కరెంటుతో నీళ్ళు పైకి ఎక్కిస్తారు, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఒకసారి నింపిన నీళ్ళనే తిప్పుతారు, ఆవిరైనంత మళ్ళీ పోస్తే చాలు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమ గట్టున ఇలా వెనక్కి ఎక్కించే యంత్రాలు ముందు నుంచే ఉన్నాయి.

మాస్టారు గారూ, ఒక జాగ్రత్త చెప్పాలి. పొలంలో బోరుకు సోలార్ పంపు పెడితే బొగ్గు సమస్య తీరుతుంది, నీళ్ళ సమస్య పెరగొచ్చు. ఎండ ఉన్నంత సేపు ఊరికే నడుస్తుంది కదా, ఎవరు ఆపుతారు? దీనికి గుజరాత్‌లో ఒక దారి చూశారు. ఖేడా జిల్లా ఢుండీ అనే ఊళ్ళో 2016లో కొంతమంది రైతులు సొసైటీ పెట్టి, పొలానికి వాడగా మిగిలిన సోలార్ కరెంటును గ్రిడ్‌కు అమ్మారు. మోటారు ఆపితే డబ్బులొస్తాయి. అప్పుడు నీళ్ళు ఊరికే కాలువలో పోనివ్వాలని ఎవరికీ అనిపించదు. ఉచిత కరెంటు తీసేయాలని పీజీ చెల్లెమ్మ అన్న దానికి, తీయడం కుదరదని అనంతపురం అన్న చెప్పిన దానికి మధ్యలో ఇదొక దారి అనుకుంటున్నాను. తీసేయడం కాదు, మిగిల్చినదానికి డబ్బులివ్వడం.

అనంత_వేరుశనగ | సోమవారం, రాత్రి 10:05

ఇది నాకు నచ్చింది. మోటారు ఆపినందుకు డబ్బులిస్తామని మాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అయితే అమ్మిన యూనిట్ ధర పంట మీద వచ్చేదానికి దగ్గరగా ఉండాలి. లేకపోతే ఆ కరెంటు కూడా నీళ్ళకే పోతుంది.

జనగామ_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:00

ఇవన్నీ ఈ రోజు క్లాసులో చదివాను. రెండు పీరియడ్లు పట్టింది, గంట కొట్టినా ఎవరూ లేవలేదు. బూడిద పక్కన ఉన్న అక్కయ్య రాసింది చదువుతుంటే నా గొంతే పట్టేసింది. ప్రశ్న అడిగిన అమ్మాయి చివర్లో ఇంకోటి అడిగింది: "సార్, మన ఊరి నీళ్ళు మనం కొలవొచ్చా?"

మా ఊరి చెరువుకు 2015 తర్వాత మిషన్ కాకతీయలో పూడిక తీశారు. చెరువు నిండిన ఏడాది కింది బోర్లు పోస్తాయని అందరం అంటాం కానీ ఎంత లేచిందో ఎవరి దగ్గరా అంకె లేదు. అనంతపురం అన్నా, ఎలా కొలవాలో చెప్పండి. పరికరాలు కొనే డబ్బు లేదు.

అనంత_వేరుశనగ | బుధవారం, ఉదయం 5:50

పరికరం అక్కర్లేదు మాస్టారూ. సన్నటి నైలాన్ తాడుకు మీటరుకో ముడి వేయండి. చివర చిన్న ఇనుప గొట్టం ముక్క కట్టండి, కింది వైపు తెరిచి ఉండాలి. నీళ్ళను తాకగానే 'గుబుక్' మని శబ్దం వస్తుంది, చెవి పెట్టి వినాలి. అక్కడ ముడి లెక్కపెట్టుకోండి. మోటారు పైపు, కేబుల్ ఉన్న బోరులో తాడు చుట్టుకుంటుంది, అందుకని వాడని బోర్లు, పాత బావులు ఎంచుకోండి. ఊరికి పది చాలు, కానీ చెరువు కింద కొన్ని, మెట్ట మీద కొన్ని ఉండాలి. ఎప్పుడూ ఒకే చోటు నుంచి కొలవాలి, గట్టు మీద రంగుతో గుర్తు పెట్టండి. చుట్టుపక్కల మోటార్లు నడుస్తుంటే మట్టం తప్పు చూపిస్తుంది. అవి ఆగి కొన్ని గంటలు అయ్యాకే కొలవండి. పిల్లల్ని బావి గట్టు మీదకు ఒంటరిగా పంపొద్దు.

రాసేది మాత్రం పుస్తకంలో కాదు, గోడ మీద.

సబ్‌స్టేషన్_సార్ | బుధవారం, ఉదయం 9:10

పక్కనే ఇంకో వరుస పెట్టించండి మాస్టారూ. ఆ రోజు ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లు, ఎన్ని గంటలు. కచ్చితంగా తెలియకపోయినా ఉజ్జాయింపుగా రాయండి. నీళ్ళు, కరెంటు పక్కపక్కన కనిపించాలి.

జనగామ_మాస్టారు | రెండు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఈ రోజు మొదటిసారి కొలిచాం. పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు మాస్టర్లం. తొమ్మిది చోట్ల కొలిచాం. పదోది ఆ అమ్మాయి తాతగారి మోట బావి. తాడు అడుగు దాకా దిగింది, శబ్దం రాలేదు. "పొడి" అని రాయమని ఆయనే చెప్పారు. పంచాయతీ ఆఫీసు గోడ మీద తెల్ల సున్నం కొట్టి, నీలం రంగుతో గీతలు గీసి రాశాం. కరెంటు వరుస కూడా పెట్టాం సార్, లైన్‌మన్ సాయం చేశాడు.

అనంత_వేరుశనగ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

చాలా సంతోషం మాస్టారూ. మోటార్లు ఎన్ని గంటలు ఆపాక కొలిచారు?

జనగామ_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

రాత్రి పది నుంచి పొద్దున ఐదున్నర దాకా ఆగాయన్నా. నేను చెప్తే సగం మంది కూడా వినేవాళ్ళు కాదు. ఆ తాతే కర్ర పట్టుకుని నిన్న సాయంత్రం ఇంటింటికీ పోయి ఆపించారు.